బ్లాగు ఖర్చుకు ఆర్‌డీ డబ్బు తీయమంటారా?

ప్రశ్న: మాది కాకినాడ. ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలో పాఠాలు చెబుతాను. జీతం చేతికి 48 వేలు వస్తుంది. మావారు మెడికల్ రిప్రజెంటేటివ్. ఆయన కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా తప్ప మాకు వేరే బీమా లేదు. మూడేళ్లుగా మిద్దెతోట మీద తెలుగులో బ్లాగు రాస్తున్నాను. 140 టపాలయ్యాయి. పాతిక వేలు ఖర్చయింది. గూగుల్ ప్రకటనలు వేసుకున్నందుకు డబ్బిచ్చే యాడ్‌సెన్స్ ఖాతాలో రెండేళ్లకు 63 డాలర్లు కనబడుతున్నాయి గాని పైసా చేతికి రాలేదు. వచ్చే నెల హోస్టింగ్ (బ్లాగును నెట్‌లో ఉంచే సర్వర్ అద్దె) గడువు తీరుతుంది, మళ్లీ మూడేళ్లకు 19,074 రూపాయలు కట్టమంటున్నారు. 45 వేలు ఇస్తే ఆరు నెలల్లో గూగుల్ మొదటి పేజీలోకి తెస్తానని ఒక ఏజెంటు రాసిస్తానంటున్నాడు. సరిగ్గా ఇప్పుడే పోస్టాఫీసు ఆర్‌డీ 70 వేల దాకా చేతికొస్తోంది. అందులోంచి పెట్టనా, బ్లాగే మానేయనా? నేను రాసినవి ఎవరెవరో తమ పేర్లతో వాట్సాప్‌లో తిప్పుతుంటే విసుగొచ్చేసింది. ఒక కంపెనీ గ్రో బ్యాగులు, డ్రిప్పు కిట్టు ఉచితంగా పంపుతాం, సమీక్ష రాయమంటోంది, తీసుకోవచ్చా? - ఒక పాఠకురాలు

జవాబు: ఏజెంటుకు ఒక్క రూపాయి ఇవ్వకండి. హోస్టింగ్ మూడేళ్లకు కట్టకండి. బ్లాగు మాత్రం మానకండి. ఆర్‌డీ డబ్బుకు మీ ఇంట్లో ఇంతకన్నా తొందర పని ఒకటి ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

ఉత్తరంతో పాటు మీరు పంపిన ఖర్చుల చిట్టా చూశాను. డొమైన్‌కు, అంటే బ్లాగు చిరునామా పేరుకు, మొదటి ఏడాది 199, తర్వాత 1,199, ఆ తర్వాత 1,299. హోస్టింగ్ 6,330. బ్లాగు రూపురేఖలకు థీమ్ 3,900. 'బ్లాగుతో లక్షలు' నేర్పే ఆన్‌లైన్ కోర్సు 7,999. ఫేస్‌బుక్‌లో టపాలను బూస్ట్ చేయడానికి, అంటే డబ్బిచ్చి ఎక్కువమందికి చూపించడానికి, 4,500. మొత్తం 25,426. మూడేళ్ల మీద పరిస్తే నెలకు ఏడు వందల రూపాయలు. నెలకు 48 వేలు తెచ్చుకునే మనిషి తనకిష్టమైన పనికి ఏడు వందలు పెట్టుకుంటే తప్పు పట్టను. అయితే చిట్టాను ఇంకోసారి చదవండి. కోర్సు, బూస్ట్ కలిపితే 12,499. అంటే దాదాపు సగం డబ్బు బ్లాగుకు పోలేదు, మీకు ఆశ అమ్మినవాళ్లకు పోయింది. ఇప్పుడు తలుపు తడుతున్న 45 వేల ఏజెంటు అదే వరసలో మూడోవాడు.

మీ ఉత్తరం చదువుతుంటే తోచిందేమిటంటే, బ్లాగుతో విసుగెత్తిన ప్రతిసారీ మీరు ఏదో ఒకటి కొన్నారు. చదివేవాళ్లు లేరనిపించినప్పుడు థీమ్, డబ్బు రావట్లేదనిపించినప్పుడు కోర్సు, రాత్రి పన్నెండింటిదాకా కూర్చుని రాసిన టపాకు ఒక్క వ్యాఖ్య కూడా రానప్పుడు బూస్ట్. వచ్చే వ్యాఖ్యల్లో సగం రష్యన్ లిపిలో ఉంటాయని మీరే రాశారు. తెలుగులో రాసే చాలామంది అవస్థ ఇదే. ఒకప్పుడు కూడలి, జల్లెడ, మాలిక లాంటి సంకలినులు, అంటే తెలుగు బ్లాగుల కొత్త టపాలన్నీ ఒకేచోట చూపే సైట్లు, కళకళలాడేవి. కొత్త టపా వేస్తే పదిమంది కంట పడేది, నలుగురు వ్యాఖ్యానించేవారు, ఇద్దరు పోట్లాడేవారు. దానికి రూపాయి ఖర్చు లేదు. ఇప్పుడు పాఠకుడు ఫేస్‌బుక్‌లోనో యూట్యూబ్‌లోనో ఉన్నాడు. గూగుల్‌లో వెతికినా సమాధానం పైనే కనబడుతుంది గనక మీ పేజీ దాకా వచ్చే పని అతనికి తప్పింది. డబ్బు పోసి దీన్ని వెనక్కి తిప్పలేం.

ఇక హోస్టింగ్ బిల్లు. మూడేళ్ల కిందట నెలకు 149 అని చూసి కొన్నారు. 36 నెలలకు 5,364, దాని మీద 18 శాతం జీఎస్‌టీ, వెరసి 6,330. ఆ ధర కొత్తగా చేరేవాళ్లకే. రెన్యువల్‌కు నెలకు 449 అవుతుందని కొన్నరోజునే సన్నని అక్షరాల్లో ఉండి ఉంటుంది. 449ని 36తో గుణించి జీఎస్‌టీ కలిపితే మీకొచ్చిన 19,074 తేలుతుంది. ఈ వ్యాపారంలో ఇది మామూలే. మొదటి ధర ఎర, రెన్యువల్ ధరే అసలు ధర. ఎవరి దగ్గర కొన్నా ముందు చూడాల్సింది రెండోదే.

కార్డును అక్కడ భద్రపరిచి ఉంటే ఆటో రెన్యువల్ ఈ రోజే ఆపేయండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 15 వేలు దాటిన ఆటో డెబిట్‌కు ప్రతిసారీ మీ ఓటీపీ కావాలి. ఆ లోపు మొత్తమైతే అక్కర్లేదు. కనీసం 24 గంటల ముందు ఒక సందేశం పంపి కోసేసుకోవచ్చు. మూడేళ్ల బిల్లయితే ఓటీపీ దగ్గర ఆగుతుంది. అదే ఏడాది బిల్లు, అంటే సుమారు 6,358, మీరు క్లాసులో పాఠం చెబుతుండగానే పోతుంది.

మీ బ్లాగుకు అసలు డబ్బిచ్చి హోస్టింగ్ కొనే అవసరమే నాకు కనబడలేదు. రాతలు, ఫొటోలు, అంతే కదా. గూగుల్ వారి బ్లాగర్ ఉచితం. మీ సొంత డొమైన్‌ను దానికి తగిలించుకోవడమూ ఉచితమే. అప్పుడు మీ ఖర్చల్లా ఏడాదికి డొమైన్‌కు కట్టే పదమూడు, పద్నాలుగు వందలే. మార్పిడిలో కొంత చాకిరీ తప్పదు. పాత లింకులు కొన్ని తెగుతాయి, ఫొటోలు కొన్ని మళ్లీ ఎక్కించాలి. ఇంకో చిన్న చికాకు ఉంది. శీర్షిక తెలుగులో పెడితే బ్లాగర్ ఆ టపా లింకులో 'బ్లాగ్-పోస్ట్' అని ఇంగ్లీషులో రాసి పక్కన ఓ అంకె వేసి ఊరుకుంటుంది. ప్రచురించే ముందే లింకును ఇంగ్లీషు అక్షరాల్లో మీరే రాసుకోవాలి. 140 టపాలూ ఒకేసారి మార్చలేమనుకుంటే ఒక్క ఏడాదికి మాత్రం 6,358 కట్టి, వేసవి సెలవుల్లో తీరిగ్గా మార్చుకోండి. కట్టేముందు వాళ్ల కస్టమర్ కేర్‌తో వెళ్లిపోతున్నానని చెప్పి చూడండి, ఎంతో కొంత తగ్గించే అవకాశం ఉంది.

డొమైన్ విషయంలో మాత్రం అశ్రద్ధ పనికిరాదు. అది ఎవరి పేరున, ఏ ఈమెయిల్‌తో నమోదై ఉందో ఇవాళే చూడండి. 'అన్నీ మేమే చూసుకుంటాం' అనే ఏజెంట్లు డొమైన్‌ను తమ ఖాతాలోకి మార్పించుకుంటారు. రేపు మాట తేడా వస్తే మీ బ్లాగు పేరు వాళ్ల గుప్పిట్లో ఉంటుంది. గడువు దాటనివ్వడమూ ప్రమాదమే. డాట్ కామ్ పేరు గడువు తీరాక కొన్నాళ్లు మామూలు ధరకే దొరుకుతుంది. ఆ తర్వాత వచ్చే 30 రోజుల్లో విడిపించుకోవాలంటే అసలు ధరకు ఎన్నో రెట్లు జరిమానా అడుగుతారు. అదీ దాటితే ఎవరైనా కొనుక్కోవచ్చు.

ఏజెంటు సంగతికి వస్తే, మొదటి స్థానం ఇప్పిస్తామని ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే తన సహాయ పేజీల్లో రాసిపెట్టింది. ఆయన రాసిచ్చే కాగితంలో ఏ మాట వెతికితే మొదటి పేజీ అన్నది ఉందా? మీ బ్లాగు పేరే టైపు చేసి వెతికితే ఇప్పటికే మొదటి పేజీలో వస్తుంది. రేపు అదే చూపించి పని అయిపోయిందంటే మీరేం చేస్తారు? పోనీ నిజంగానే వచ్చారనుకుందాం. రెండేళ్లలో 63 డాలర్లంటే నెలకు రెండున్నర డాలర్ల చిల్లర. చదివేవాళ్లు పదింతలైనా నెలకు 26 డాలర్లు. డాలరును 85 రూపాయలుగా అనుకుంటే 2,200 రూపాయలు. పెట్టిన 45 వేలు వెనక్కి రావడానికే ఇరవై నెలలు పడుతుంది, అదీ పదింతలు అయితే. యాడ్‌సెన్స్ 2018లో తెలుగుకు తలుపు తెరిచింది నిజమే గాని, ఇంగ్లీషు పేజీలకు పలికే ధర తెలుగు పేజీలకు పలకదు. మీరు ఎంత బాగా రాసినా ఆ ధర మారదు.

ఇప్పుడు ఆర్‌డీ. మీ ఇంట్లో ఆరోగ్య బీమా అంటే మీవారి ఉద్యోగంతో ముడిపడినది ఒక్కటే. మెడికల్ రిప్రజెంటేటివ్ ఉద్యోగాల్లో కంపెనీ మారడం ఎంత మామూలో నాకన్నా మీకే తెలుసు. పాత కంపెనీ వదిలి కొత్తదాంట్లో చేరేలోగా ఆస్పత్రి పాలైతే ఎవరు కడతారు? మీ ఇద్దరికీ, పిల్లలుంటే వాళ్లకూ కలిపి సొంతంగా ఒక ఫ్లోటర్ పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా, జీవిత బీమా ప్రీమియంల మీద జీఎస్‌టీ తీసేశారు. అంతకుముందు ఆరోగ్య బీమా మీద 18 శాతం ఉండేది. బీపీ, షుగర్ లాంటివి ఇప్పటికే ఉంటే దాచకుండా రాయండి. వాటికి వేచి ఉండాల్సిన కాలం గరిష్ఠంగా మూడేళ్లు, ఆ గడియారం పాలసీ తీసుకున్న రోజునుంచే మొదలవుతుంది. కాబట్టి ఆలస్యం చేసినకొద్దీ నష్టం మీదే. ప్రీమియం పోగా మిగిలిన ఆర్‌డీ సొమ్మును ఎఫ్‌డీ వేసి అత్యవసరానికి ఉంచండి. బ్లాగుకు ఏడాదికి మూడు వేలని ఒక హద్దు గీసుకోండి. ఏడాది హోస్టింగ్ కట్టాల్సి వస్తే ఈ ఒక్కసారికి అది హద్దుకు బయట.

రాతల దొంగతనం గురించి రాశారు. తొమ్మిది వేలు తీసుకుని కాపీరైట్ నమోదు చేయిస్తామన్నవాళ్లు కూడా మీకు తగిలే ఉంటారు, తగలకపోతే తగులుతారు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం మీరు రాసిన క్షణంలోనే హక్కు మీది, నమోదు తప్పనిసరి కాదు. ఫేస్‌బుక్‌లో ఎత్తేసినవాటి మీద వాళ్ల ఫారంలోనే ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు, తీసేస్తారు కూడా. వాట్సాప్‌లో తిరిగేవాటిని మాత్రం పట్టుకోవాలని చూడకండి, మీ సాయంత్రాలు వృథా. ఫొటోల మీద బ్లాగు పేరు పడేలా చేయండి, కనీసం కాపీ కొట్టినవాడే మీకు ప్రచారం చేసిపెడతాడు.

డబ్బు రావాలనే ఉంటే ప్రకటనలకన్నా మీ చేతిలో ఉన్న విద్యను చూడండి. ఆదివారం పొద్దున మీ మిద్దె మీదే పదిహేనుమందికి మట్టి కలపడం, వేపపిండి, జీవామృతం, కుండీల్లో దొండ తీగ పాకించడం చూపించి తలా 300 తీసుకుంటే 4,500 రూపాయలు. యాడ్‌సెన్స్ రెండేళ్లలో రాసిచ్చింది ఇంతకన్నా ఎనిమిది వందలే ఎక్కువ. తెలియనివాళ్లు మిమ్మల్ని ఎలా నమ్ముతారంటారా, అందుకేగా 140 టపాలున్నాయి. విత్తనాలు కూడా అమ్ముదామనుకుంటే మాత్రం ఆగండి, విత్తన వ్యాపారానికి లైసెన్సు కావాలి. కళాశాల వారిచ్చిన నియామక పత్రంలో వేరే సంపాదన గురించి షరతు ఏదైనా ఉందేమో కూడా ఒకసారి చదవండి.

గ్రో బ్యాగులు, డ్రిప్పు కిట్టు ఉచితంగా పంపి సమీక్ష రాయమంటున్న కంపెనీ మాట: తీసుకోవచ్చు. అయితే వస్తువు ఉచితంగా వచ్చిందని టపాలోనే, పాఠకుడికి కనబడేచోట రాయాలి. 2023లో వినియోగదారుల వ్యవహారాల శాఖ విడుదల చేసిన మార్గదర్శకాలు ఆ మాటే చెబుతున్నాయి. ఒక కంపెనీ నుంచి ఏడాదిలో ఇలా వచ్చినవాటి విలువ 20 వేలు దాటితే వాళ్లు 10 శాతం టీడీఎస్ జమ చేయాలి. దాటకపోయినా ఆ విలువ మీ ఆదాయమే.

జీఎస్‌టీ నంబరు తీసుకోకపోతే నేరమని కోర్సులో చెప్పారట. సేవలకు ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా మీకు ఆ తలనొప్పి లేదు. ఆదాయపు పన్ను రిటర్నులో మాత్రం వచ్చింది ఎంత చిన్నదైనా చూపించండి. కొత్త విధానంలో 12 లక్షల లోపు ఆదాయానికి రిబేటు ఉంది గనక మీ జీతానికి ఇది తోడైనా పన్ను పడదు. వ్యాపార ఆదాయంగా చూపిస్తే డొమైన్, హోస్టింగ్ ఖర్చులు తగ్గించుకోవచ్చు గాని అప్పుడు ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-3 వేయాలి.

చివరగా ఆ 63 డాలర్లు. అవి ఎక్కడికీ పోవు. వంద దాటిన మరుసటి నెల 21, 26 తేదీల మధ్య పంపుతారు. ఇప్పటి వేగంతో ఇంకా ఏడాది పైనే పడుతుంది. చిరునామా సరిచూడటానికి గూగుల్ పంపే పిన్ కార్డు మూడోసారికి గాని తపాలాలో రాలేదన్నారు, అది దాటేశారు గనక మిగిలింది బ్యాంకు పనే. డబ్బు విదేశాల నుంచి వైర్ ట్రాన్స్‌ఫర్‌గా వస్తుంది, దానికి స్విఫ్ట్ కోడ్ కావాలి. అది లేని శాఖలు చాలానే ఉన్నాయి. మీ శాఖకు లేకపోతే అదే బ్యాంకులో ఏ శాఖ కోడ్ వాడాలో మేనేజరును అడిగి రాయించుకుని, ఇప్పుడే యాడ్‌సెన్స్ ఖాతాలో నింపి పెట్టుకోండి. డబ్బు వచ్చినప్పుడు ఎందుకొచ్చిందని బ్యాంకు అడగవచ్చు, ప్రకటనల ఆదాయమని రాసివ్వండి.