గుర్రాల ట్రైనర్‌గా చేరితే జీతం ఎంత? ఊళ్లు తిరగాలా?

డిగ్రీ అయ్యింది, గుర్రాలంటే పిచ్చి, రేసు గుర్రాల ట్రైనర్ అవుదామనుకుంటున్నాను, జీతమెంత, ఎంత తిరగాలి అని అడిగారు. నేను హైదరాబాద్ మలక్‌పేట స్టేబుల్స్‌లో తొమ్మిదేళ్లు చేశాను, చివరి నాలుగేళ్లు అసిస్టెంట్ ట్రైనర్‌గా. సొంత లైసెన్సు దాకా పోలేదు. అది గుర్తుపెట్టుకుని చదవండి.

ట్రైనర్‌కి జీతం అంటూ ఉండదండీ. రేసులు నడిపే రేస్ క్లబ్బు లైసెన్సు ఇస్తుంది, అంతే. డబ్బిచ్చేది ఓనర్లు, ఒక్కో గుర్రానికి నెలకి ఇంత అని. దాణా, గడ్డి, సైసుల (గుర్రాల్ని చూసుకునే పనివాళ్ల) జీతాలు, లాడాలు కొట్టే మనిషి కూలి అన్నీ అందులోంచే పోవాలి. మిగిలితే మనది. గుర్రం గెలిస్తే ప్రైజ్ మనీలో మామూలుగా 10 శాతం ట్రైనర్‌కి, ఏడున్నర శాతం జాకీకి. వినడానికి బాగానే ఉంటుంది, కానీ స్టేబుల్లో సగం గుర్రాలు ఏడాదంతా ఒక్క రేసు కూడా గెలవవు. మా దగ్గర ఒక ఓనరు ఐదు నెలల బిల్లు ఆపేశాడు. బిల్లు రాలేదని గుర్రానికి దాణా ఆపలేం కదా! చివరికి గుర్రాన్ని వేరే ట్రైనర్ దగ్గరికి మార్చుకున్నాడు, బాకీ అలాగే ఉండిపోయింది.

నా సంగతంటారా, చేరినప్పుడు నెలకి 8 వేలు, మానేసేటప్పటికి 22 వేలు. గుర్రం గెలిచిన వారం మా ట్రైనర్ సారు చేతిలో పెట్టింది వేరే. పైగా 2025 సెప్టెంబరులో పందేల మీద జీఎస్‌టీ 28 నుంచి 40 శాతానికి పెరిగింది. క్లబ్బుకి ఆదాయం ఎక్కువగా పందేల నుంచే, ప్రైజ్ మనీ కూడా చాలావరకు అందులోంచే. అదీ లెక్కలో వేసుకోండి.

పని తెల్లవారుజామున నాలుగింటికి మొదలు. ముందు చూసేది దాణా తొట్టి. రాత్రి వేసింది మిగిల్చిందంటే గుర్రానికి ఏదో తేడా చేసినట్టే. తర్వాత కాళ్లు. ముందుకాలి మోకాలి కింద, వెనకవైపు లావుగా తాడులాంటి స్నాయువు (టెండన్) ఉంటుంది, దాన్ని పైనుంచి కిందికి చేత్తో తడుముతూ రావాలి. నాకిది నేర్పింది ఒక ముసలి సైసు. రేసులు మౌలాలి నుంచి 1886లో మలక్‌పేటకి వచ్చినప్పటి నుంచీ తమ ఇంట్లో ఇదే పని అనేవాడు. ఒకరోజు నేను ఒక గుర్రం కాళ్లు చూసి బాగానే ఉన్నాయన్నాను. "కళ్లతో కాదు బేటా, చేత్తో చూడు" అని నా రెండు చేతులూ రెండు కాళ్ల మీద పెట్టించి, కళ్లు మూసుకోమన్నాడు. అప్పుడు తెలిసింది, ఎడమది కొంచెం వెచ్చగా ఉంది. ఆ ఆదివారం రేసు నుంచి దాన్ని తీసేశాం. ఓనరు ఫోన్లో నానా తిట్లూ తిట్టాడు. బుధవారానికి ఆ కాలు వాచింది. సారీ మాత్రం చెప్పలేదు లెండి.

ఇక తిరగడం. హైదరాబాద్‌లో వానాకాలం, చలికాలం సీజన్లు. మిగతా రోజుల్లో కాస్త సత్తా ఉన్న గుర్రాల్ని బెంగళూరు, పుణె, ముంబై తీసుకెళ్తారు. 2024 దాకా ఎండాకాలంలో ఊటీకి కూడా తీసుకెళ్లేవాళ్లు. గుర్రాల లారీలో సైసుతో పాటు ఎవరో ఒకరు వెళ్లాలి, ఎక్కువసార్లు అది నేనే. బెంగళూరికి ఒక రాత్రంతా పడుతుంది. తాడు మరీ పొట్టిగా కట్టకూడదు. గుర్రం తల దించుకోలేకపోతే ముక్కులోకి పోయిన దుమ్ము బయటికి రాక ఊపిరితిత్తులకి పడుతుంది. మధ్యమధ్యలో ఆపి నీళ్లు పెట్టాలి. కొత్త ఊరి నీళ్ల వాసన నచ్చక కొన్ని మూతి తిప్పేసుకుంటాయి, అలాంటివాటికి కాస్త బెల్లం కలిపేవాళ్లం. నీళ్లు తాగకపోతే కడుపునొప్పి వస్తుందేమోనని టెన్షన్. గుర్రానికి వాంతి చేసుకునే వీలు లేదు, కడుపునొప్పి అంటే ప్రాణం మీదికి వచ్చినట్టే.

లైసెన్సు కావాలంటే ముందు ఏదో ఒక ట్రైనర్ దగ్గర కొన్నేళ్లు పనిచేయాలి. నెలనెలా కచ్చితంగా జీతం పడాలనుకుంటే రైడింగ్ స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్ పని నయం. చేరేముందు మాత్రం ఇంట్లోవాళ్లకి ఈ తిరుగుడు సంగతి చెప్పి ఉంచండి. మా పాప పుట్టిన రాత్రి నేను బెంగళూరులో, కడుపునొప్పితో ఉన్న గుర్రాన్ని పట్టుకుని తెల్లారేదాకా నడిపిస్తున్నాను. గుర్రం బతికింది. మా ఆవిడ ఆ మాట ఇప్పటికీ ఎత్తుతుంది.