నాలుగు రోజుల్లో నాలుగు పార్కులు అంటున్నారు మా ఆయన, నాకేమో భయంగా ఉంది

ప్రశ్న: ఆంటీ, మేము డాలస్ దగ్గర ఉంటాం. బాబుకి అయిదేళ్ళు, పాపకి రెండేళ్ళ ఎనిమిది నెలలు. మే నెలలో మా అత్తయ్య, మామయ్య తెనాలి నుంచి వస్తున్నారు, ఆరు నెలలు ఉంటారు. జూన్‌లో అందరం కలిసి ఓర్లాండో డిస్నీ వరల్డ్‌కి వెళ్దామని మా ఆయన ఎక్సెల్ షీట్ కూడా వేసేసారు. నాలుగు రోజులు, నాలుగు పార్కులు, పొద్దున ఏడింటికి రూమ్‌లోంచి బయటపడితే రాత్రి ఫైర్‌వర్క్స్ అయ్యాకే రావడం. జులైలో పాపకి మూడేళ్ళు నిండితే టికెట్ కొనాలి కాబట్టి ఈలోపే వెళ్ళాలంట. సగం ఖర్చు కార్డు మీద పెడదాం అంటున్నారు. అత్తయ్యకి ఫోన్లో చెప్తే అంత డబ్బు పోసి వెళ్తే ఆ పసిపిల్లలకి గుర్తుంటుందా అన్నారు, అది కూడా ఆయన్ని అడక్కుండా నన్ను అడిగారు. పోయినేడు గాల్వెస్టన్ బీచ్‌కి వెళ్తే మూడు రోజులూ డైపర్లు, అన్నాలు, తడిబట్టలతోనే సరిపోయింది నాకు, నీళ్ళలో కాలు కూడా పెట్టలేదు. ఆ మాట అంటే నువ్వు ప్రతిదానికీ నెగటివ్ అంటారు. బాబుకి మిక్సీ సౌండ్ అంటేనే భయం. వాడికి డిస్నీ అని ఆల్రెడీ చెప్పేసారు కూడా. మా ఆయన్ని చిన్నప్పుడు ఎక్కడికీ తీసుకెళ్ళలేదు, మామయ్యకి కిరాణా షాపు, ఒక్కరోజు కూడా మూసేవారు కాదంట. వెళ్ళాలా వద్దా ఆంటీ?

జవాబు: వెళ్ళండమ్మా. కానీ ఆ షీట్‌తో మాత్రం కాదు. నన్ను ఆంటీ అన్నావు కాబట్టి నేను కూడా నువ్వు అనే రాస్తున్నా.

ముందు ఆ టికెట్ సంగతి చూద్దాం, ఎందుకంటే తొందరంతా అక్కడినుంచే వచ్చింది. మూడేళ్ళలోపు పిల్లలకి డిస్నీలో టికెట్ లేదన్నది నిజమే. కానీ ఫ్లైట్‌లో ఒళ్ళో కూర్చోబెట్టుకునే వయసు రెండేళ్ళతోనే అయిపోయింది, అంటే పాపకి ఎలాగూ సీటు కొనాల్సిందే. మిగిలేది ఒక్క పార్కు టికెట్టు. ఆ ఒక్క టికెట్ మిగుల్చుకోవడం కోసం నాలుగు పార్కులు పెట్టుకుంటే మీ నలుగురు పెద్దవాళ్ళకీ బాబుకీ కలిపి అయిదేసి టికెట్లు నాలుగు రోజులకి కొంటున్నారు, ఒక్కరోజు టికెట్టే వంద డాలర్లు దాటుతుంది, ఎక్కువ రోజులు కొంటే రోజుకి పడే రేటు కాస్త తగ్గుతుంది గానీ మొత్తం పెరిగేదే కదా. ఈ లెక్క ఆయన షీట్‌లోనే పక్కన ఇంకో కాలమ్ వేసి చూపించు. లెక్కలు ఇష్టపడే మనిషితో లెక్కల్లోనే మాట్లాడితే త్వరగా ఎక్కుతుంది.

జూన్‌లో వెళ్ళడం తప్పని నేను అనను. ఆగస్టులో బాబుకి స్కూల్ మొదలైపోతుంది, అత్తయ్యగారు వాళ్ళు ఉండగా వెళ్ళాలన్న కోరిక కూడా మంచిదే. కానీ ఓర్లాండోలో జూన్ అంటే ఉక్క, మన తెనాలి మే నెలలాగే ఒళ్ళంతా జిడ్డు, మధ్యాహ్నం అయ్యేసరికి చాలా రోజులు ఉరుములతో వాన, ఉరుములు దగ్గరికొస్తే బయట ఉండే రైడ్స్ ఆపేస్తారు. అలాంటి రోజున నువ్వు స్ట్రోలర్ తోసుకుంటూ, మామయ్యగారిని చూసుకుంటూ, రోజుకి అయిదారు మైళ్ళు నడుస్తావు, ఆ నడక పొద్దున ఏడింటినుంచి రాత్రి పదింటిదాకా అంటే ఏ పసిపిల్ల తట్టుకుంటుంది చెప్పు. మధ్యాహ్నం నిద్ర పోకపోతే సాయంత్రం పాప ఏడుస్తుంది, పాప ఏడిస్తే ఆయనకి చిరాకు, ఆయన చిరాకు పడితే నీకు ఏడుపు. నాకు వచ్చే ఇలాంటి ఉత్తరాల్లో గొడవ దాదాపు ఎప్పుడూ సాయంత్రం నాలుగు, అయిదు మధ్యలోనే జరిగి ఉంటుంది, ఆ టైమ్‌కి ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, అందరూ అలసిపోయి ఉంటారంతే.

అందుకే నేనయితే అయిదు రోజుల ట్రిప్‌లో రెండే రెండు రోజులు పార్కుకి పెట్టుకుంటా. ఒకటి మ్యాజిక్ కింగ్‌డమ్, 1971లో మొదలైంది అదే, చిన్నపిల్లలకి పనికొచ్చే రైడ్స్ ఎక్కువ ఉన్నదీ అదే. డంబో ఏనుగు, రంగులరాట్నం, తిరిగే టీ కప్పులు, పడవలో కూర్చుని బొమ్మల్ని చూసే ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్, వీటికి ఎత్తు పట్టింపు లేదు, పాపతో సహా అందరూ ఎక్కొచ్చు, మీ అత్తయ్యగారు కూడా. రెండోది యానిమల్ కింగ్‌డమ్, అక్కడ సఫారీ ఉంది, పెద్ద తెరిచిన బండిలో కూర్చోబెట్టి ఇరవై నిమిషాల దాకా జిరాఫీలు ఏనుగులు సింహాలు చూపిస్తారు, పొద్దున్నే వెళ్తే జంతువులు చురుగ్గా తిరుగుతూ ఉంటాయి, నడిచే పని లేదు కాబట్టి మామయ్యగారికి కూడా బావుంటుంది. ఈ రెండింటి మధ్య ఒక రోజు ఏమీ పెట్టుకోకండి, హోటల్ పూల్, నిద్ర, అంతే. మూడో పార్కు హాలీవుడ్ స్టూడియోస్‌లో పెద్ద రైడ్స్ చాలావాటికి 38, 40, 48 అంగుళాలని ఎత్తు లిమిట్ ఉంది, పాప వాటికి సరిపోకపోవచ్చు. నాలుగోది ఎప్కాట్, పిల్లలు పెద్దయ్యాక చూసుకోవచ్చు, అది ఎక్కడికీ పోదు.

అన్నట్టు బాబు ఎత్తు ఇంట్లోనే కొలిచేసి పెట్టుకో, షూ వేసి ఒకసారి, లేకుండా ఒకసారి. సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్‌కి 38 అంగుళాలు, స్పేస్ మౌంటెన్‌కి 44 ఉండాలి. గంటసేపు లైన్లో నిలబడ్డాక చివర్లో కర్ర పెట్టి కొలిచి నువ్వు పొట్టి వెళ్ళిపో అంటే ఆ పసివాడి మొహం చూడలేం. ఏవి ఎక్కొచ్చో ఏవి ఇంకా పెద్దయ్యాకో ఇంట్లోనే చెప్పేస్తే వాడు ఆరోజు అడగడు కూడా.

ఫైర్‌వర్క్స్ గురించి. మా మనవడికి అప్పుడు నాలుగేళ్ళు, మేము కోట ముందే మంచి చోటు దొరికిందని రెండు గంటల ముందు వెళ్ళి కూర్చున్నాం, మొదటి శబ్దానికే వాడు నా చీర కొంగులో మొహం పెట్టేసి వణికిపోయాడు, ఆ జనంలోంచి వెంటనే బయటికి రావడానికి కూడా దారి లేదు. ఆ తర్వాత నెలరోజులు దీపావళి అన్న మాట వింటేనే ఏడ్చేవాడు. మిక్సీకే భయపడే మీ బాబుని అక్కడ కూర్చోబెట్టకండి దయచేసి. శబ్దం తగ్గించడానికి చెవులకి పెట్టే ఇయర్‌మఫ్‌లు ముందే కొని ఇంట్లో మిక్సీ వేసేటప్పుడు రోజూ పెట్టి అలవాటు చెయ్యి, కావాలంటే పార్కులో దూరంగా, బయటికెళ్ళే దారి దగ్గర నిలబడి చూడండి, వాడు వద్దంటే వచ్చెయ్యండి. చీకట్లో పోయే రైడ్స్ కూడా అంతే, యూట్యూబ్‌లో ఆ రైడ్ వీడియోలు ఉంటాయి, వాడికి ముందే చూపించి ఇది ఎక్కుదామా అని అడుగు.

ఇప్పుడు మీ ఆయన. చిన్నప్పుడు షాపు ఒక్కరోజు కూడా మూయలేదని నువ్వు చివర్లో ఒక్క లైన్ రాసావు చూడు, నాకు ఆ ఎక్సెల్ షీట్ మొత్తం ఆ లైన్‌లోనే కనిపించిందమ్మా. ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ దూరం నుంచి చూసి వచ్చిన పిల్లాడు ఇప్పుడు తన పిల్లలకీ, తనని తీసుకెళ్ళలేకపోయిన నాన్నకీ అన్నీ ఒకేసారి చూపించెయ్యాలనుకుంటున్నాడు. అందుకే నువ్వు వద్దు అనగానే ఆయనకి డిస్నీ వద్దన్నట్టు కాదు, ఇంకేదో వద్దన్నట్టు వినపడుతోంది. అలాగని నీ బాధ చిన్నదని నేను అనట్లేదు, నిన్ను నెగటివ్ అనడం అన్యాయం. మూడు రోజులు సముద్రం పక్కన ఉండి కాలు తడపని మనిషి మళ్ళీ ట్రిప్ అంటే భయపడకుండా ఎలా ఉంటుంది. పిల్లలు పడుకున్నాక, ఫోన్లు పక్కన పెట్టి, నీకు చిన్నప్పుడు ఎక్కడికెళ్ళాలని ఉండేది అని ఒక్క ప్రశ్న అడిగి చూడు, ఆయన చెప్పేదాకా నువ్వు షీట్ గురించి ఎత్తకు. తర్వాత బీచ్ సంగతి చెప్పు, తప్పు పట్టినట్టు కాదు, నాకు ఇలా అయ్యింది, ఈసారి అలా కావొద్దు అని.

ఈసారి పనులు ముందే పంచుకోండి. సాయం చేస్తాను అనే మాట ఒప్పుకోకు, సాయం అంటే పని నీదే అన్నట్టు. డైపర్ బ్యాగు పూర్తిగా ఆయనది, అంటే సర్దడం, మోయడం, మార్చడం, అయిపోతే కొనడం అన్నీ. ప్రతి పార్కులో బేబీ కేర్ సెంటర్ ఉంటుంది, మార్చడానికి బల్లలు, పాలివ్వడానికి గది, కాస్త ఏసీలో కూర్చునే వీలు, అది మ్యాప్‌లో ఎక్కడుందో ఆయన్నే చూసుకోమను. తిండి సంగతి నువ్వు అత్తయ్యగారూ చూసుకోండి, బయటి తిండి లోపలికి తీసుకెళ్ళనిస్తారు, గాజు సీసాలు వద్దంటారు, వేడి చెయ్యక్కర్లేనివి అయితే చాలు, కాబట్టి పులిహోర, దద్దోజనం, చేగోడీలు హాయిగా పట్టుకెళ్ళొచ్చు. చల్లగా ఉండటానికి విడి ఐసు ముక్కలు వెయ్యకూడదు, ఐస్ ప్యాక్‌లు పెట్టుకోవాలి. మంచినీళ్ళు కొనకండి, క్విక్ సర్వీస్ అనే తిండి కౌంటర్లలో అడిగితే కప్పులో ఐసు నీళ్ళు ఊరికే ఇస్తారు. మామయ్యగారు వేసుకునే మాత్రలు ఏవైనా ఉంటే సూట్‌కేసులో కాదు, నీ హ్యాండ్‌బ్యాగులో. ఆయనకి నడక కష్టమైతే వీల్‌చెయిర్ అద్దెకి దొరుకుతుంది, పొద్దున్నే వెళ్ళినవాళ్ళకి ముందు, మొహమాటపడకుండా తీసుకోండి.

ఇంకోటి, రైడర్ స్విచ్ అని ఉంది. ఎత్తు చాలని పిల్లతో ఒకరు బయట ఉంటే ఇంకొకరు ఎక్కి వస్తారు, తర్వాత బయట ఉన్నవాళ్ళు మళ్ళీ మొత్తం లైన్ నిలబడక్కర్లేకుండా ఎక్కొచ్చు. కానీ నేను చెప్పేది అది కాదు, మీకు అత్తయ్యగారు వాళ్ళు ఉన్నారు కదా, పాప స్ట్రోలర్‌లో నిద్రపోయిన గంటలో బాబుకి ఒక ఐస్‌క్రీమ్ ఇచ్చి వాళ్ళ దగ్గర కూర్చోబెట్టి మీ ఇద్దరే ఒక రైడ్ ఎక్కండి. ఆయన చేత ఆ గంటని కూడా షీట్‌లో రాయించు.

అత్తయ్యగారు అడిగిన దానికి నువ్వు జవాబు చెప్పకు, వాళ్ళ అబ్బాయి చెప్పాలి. ఖర్చు గురించి వాళ్ళమ్మకి చెప్పాల్సింది ఆయన, నువ్వు చెప్తే అది కోడలి గొప్పలకి అయిన ఖర్చయిపోతుంది. ఆవిడ అడిగింది మాత్రం తప్పు ప్రశ్న కాదు. చాలామందికి మూడు, మూడున్నరేళ్ళకి ముందు జరిగినవి పెద్దయ్యాక గుర్తుండవు, అంటే పాపకి ఇదేమీ గుర్తుండదు, బాబుకి ముక్కలు ముక్కలుగా ఉండొచ్చు. గుర్తుండేది మామయ్యగారికీ అత్తయ్యగారికీ మీకూ. ఆవిడతో ఒకసారి నువ్వే ఫోన్లో అత్తయ్యా మీకు అక్కడ ఏం చూడాలని ఉంది అని అడుగు, నాకు తెలిసి ఇంతవరకూ ఆవిడని ఎవరూ అడిగుండరు. వాళ్ళు ఒక్కరోజే వస్తామంటే వాళ్ళకి ఒక్కరోజు టికెట్టే కొనొచ్చు, అందరికీ ఒకేలా కొనాలని రూలేం లేదు.

కార్డు మీద సగం అన్నది నాకు నచ్చలేదు, పచ్చిగా చెప్తున్నా. ఆ నెల బిల్లు ఆ నెలలోనే కట్టగలిగితే సరే, లేదంటే తగ్గించండి. పార్కు రోజులు రెండు అయితే చాలావరకు అదే తగ్గుతుంది. లైన్ తప్పించుకునే లైట్నింగ్ లేన్ కావాలంటే మ్యాజిక్ కింగ్‌డమ్ రోజుకి మాత్రం ఆలోచించండి, డిస్నీ హోటల్‌లో దిగినవాళ్ళు 7 రోజుల ముందు, బయట దిగినవాళ్ళు 3 రోజుల ముందు బుక్ చేసుకోవచ్చు. బయట హోటల్ అయితే కారు పెట్టిన చోటు నుంచి మ్యాజిక్ కింగ్‌డమ్ గేటుకి మోనోరైల్‌లోనో పడవలోనో వెళ్ళాలి, దానికి ఒక ముప్పావుగంట వేసుకోండి, పార్కింగ్ అయిపోయింది కదా అని పిల్లలకి వచ్చేసాం అని చెప్పొద్దు. టికెట్లు కొనేముందు తేదీలు గట్టిగా అనుకోండి, డబ్బు వెనక్కివ్వరు, వాడని టికెట్‌ని వేరే తేదీకి మార్చుకోవడమే. స్ట్రోలర్ 31 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు దాటకూడదు, లాగే వ్యాగన్లు అసలు రానివ్వరు, బాబు అయిదేళ్ళవాడే కదా నడుస్తాడులే అనుకోకుండా ఇద్దరు పట్టేది తీసుకెళ్ళు, మధ్యాహ్నానికి వాడు కూడా కూలబడతాడు.

పొద్దున బయల్దేరేటప్పుడు ఇద్దరు పిల్లలకీ ఆరోజు వేసిన బట్టలతో ఒక ఫోటో తియ్యి, చేతి పట్టీ మీద నీ నంబరూ ఆయన నంబరూ రాయి, తప్పిపోతే పేరు బ్యాడ్జీ పెట్టుకున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళమని బాబుకి నేర్పు. అత్తయ్యగారి మెడలో కూడా మీ నంబర్లు రాసిన కార్డు వెయ్యి, ఇంగ్లీషులో ఎవరినైనా అడగాలంటే ఆవిడకి కంగారు కదా.

ఆయనతో కూర్చున్నప్పుడు ఆ షీట్ తెరిచి నాలుగింట్లో రెండు పార్కులు తీసెయ్యాల్సిన పని నువ్వు చెయ్యకు, ఆయన చేతే తీయించు, ఏవి ఉంచాలో ఏవి తియ్యాలో ఆయనే ఎంచుకోనీ. ఖాళీ అయిన ఒక గడిలో పాప నిద్ర టైమ్ రాయండి, ఇంకో దాంట్లో మీ ఇద్దరి రైడ్ పేరు. ఏ రైడో నువ్వు ఎంచుకో.