అణు సిద్ధాంతాల మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

భారత్, పాకిస్తాన్ అణు సిద్ధాంతాల మీద, అంటే అణ్వస్త్రాలను ఎప్పుడు, ఎలా వాడాలన్న విధానాల మీద, నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాష బాగుంది. కానీ మొదటి పేరాలోనే ‘ఒక్క బటన్ నొక్కితే చాలు’ అన్నావు, అది కొట్టెయ్. మన దగ్గర అణ్వస్త్ర ప్రయోగానికి అనుమతించేది న్యూక్లియర్ కమాండ్ అథారిటీలోని రాజకీయ మండలి. దానికి ప్రధాని అధ్యక్షుడు. జాతీయ భద్రతా సలహాదారు నడిపే కార్యనిర్వాహక మండలి ఆ ఆదేశాలను అమలు చేయిస్తుంది. అస్త్రాల బాధ్యత స్ట్రాటజిక్ ఫోర్సెస్ కమాండ్‌ది.

2003 జనవరి 4న కేబినెట్ భద్రతా కమిటీ ఇచ్చిన ప్రకటన తీసి ఎదురుగా పెట్టుకో. చాలా చిన్నది. 1999 ఆగస్టులో రక్షణ నిపుణుడు కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన జాతీయ భద్రతా సలహా మండలి ఇచ్చింది ముసాయిదా మాత్రమే. నువ్వు రెండింటినీ కలిపేశావు. 2003 ప్రకటనలో ‘ముందుగా ప్రయోగించం’ అన్నది చదివి అక్కడే ఆగిపోతే పప్పులో కాలేసినట్టే. భారత భూభాగం మీదే కాదు, భారత బలగాలు ఎక్కడున్నా వాటి మీద అణుదాడి జరిగితే ఎదురుదాడి తప్పదని అందులోనే ఉంది. జీవ, రసాయన ఆయుధాలతో పెద్ద దాడి జరిగితే అణ్వస్త్రంతో బదులిచ్చే అవకాశాన్నీ అట్టే పెట్టుకున్నారు.

బలగాలు ‘ఎక్కడున్నా’ అనడంలోనే ఉంది అసలు మెలిక. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి తర్వాత మథుర, అంబాలా, భోపాల్‌లలోని స్ట్రైక్ కోర్‌లు (దాడి కోసం ఉంచిన భారీ సేనలు) సరిహద్దు చేరి సిద్ధమయ్యేసరికి దాదాపు మూడు వారాలు పట్టింది. ఈలోగా అవతలివాళ్లూ సర్దుకున్నారు, అమెరికా ఒత్తిడీ వచ్చింది. ఆ అనుభవం నుంచి 2004లో కోల్డ్ స్టార్ట్ ఆలోచన బయటికొచ్చింది: చిన్న దళాలతో రోజుల్లోనే కదిలి, కొద్ది లోతు వరకే చొచ్చుకుపోవడం. దానికి పాకిస్తాన్ జవాబు నస్ర్ అనే చిన్న అణు క్షిపణి. 2011 ఏప్రిల్‌లో మొదటి పరీక్ష జరిగింది, అప్పటి పరిధి 60 కిలోమీటర్లు. అంత తక్కువ పరిధి ఉన్నది ఢిల్లీ కోసం కాదు, తమ గడ్డ మీదికి వచ్చిన మన ట్యాంకుల కోసం.

ఇప్పుడు ఆలోచించు. సరిహద్దు అవతల ఒక ట్యాంకుల దండు మీద నస్ర్ పడింది. మన ప్రకటన ప్రకారం బదులు భారీగా ఉండాలి. ఒక దండు కోసం ఢిల్లీ పాకిస్తాన్ నగరాలను బూడిద చేస్తుందా? చెయ్యదన్నది రావల్పిండిలోని పాక్ సైన్య ప్రధాన కార్యాలయం లెక్క. చిన్న బాంబైనా అణుబాంబేనన్నది మన లెక్క. పైగా నస్ర్‌కు దాని చిక్కు దానికుంది. పరిధి తక్కువ కాబట్టి సరిహద్దు దగ్గరికి తేవాలి. తెస్తే మన విమానాలకు దొరికిపోవచ్చు, దొరికేలోపే వాడేద్దామన్న తొందర కమాండర్‌కు పుట్టొచ్చు. నా మటుకు నాకు దాని పేలుడు కంటే ఆ తొందరే ఎక్కువ భయం. నువ్వు దీనికి మూడు లైన్లు ఇచ్చావు. రెండు పేజీలు ఇవ్వు.

పాకిస్తాన్ మనలా సిద్ధాంతాన్ని ప్రకటించలేదు. నువ్వు రాసిన ‘నాలుగు గీతలు’, అంటే దాటితే అణ్వస్త్రం వాడతామన్న హద్దులు, 2002లో పాక్ అణ్వస్త్రాల విభాగం అధిపతి జనరల్ ఖాలిద్ కిద్వాయ్ ఇటలీ పరిశోధకులతో చెప్పినవి: భూభాగంలో పెద్ద భాగం పోవడం, సైన్యంలోనో వాయుసేనలోనో పెద్ద భాగం నాశనం కావడం, ఆర్థికంగా గొంతు నులమడం, లోపల రాజకీయ కల్లోలం రేపడం. ఎన్ని కిలోమీటర్లు అని ఆయన చెప్పలేదు, కావాలనే. ‘లాహోర్ పడితే అణుబాంబే’ అన్న నీ వాక్యానికి ఆధారం లేదు. వార్‌హెడ్ల (అణుబాంబుల) సంఖ్యా అంతే. 2025లో స్టాక్‌హోమ్‌లోని పరిశోధన సంస్థ సిప్రి లెక్క మనకు 180, వాళ్లకు 170. అవి అంచనాలని రాయి, ఏ ప్రభుత్వమూ చెప్పినవి కావు.

మన విశాఖలో కట్టిన అణు జలాంతర్గామి అరిహంత్ గురించి ఉప్పొంగిపోయావు. దాని కె-15 క్షిపణి పరిధి 750 కిలోమీటర్లే, బంగాళాఖాతం నుంచి లాహోర్ అందదు. 3500 కిలోమీటర్ల కె-4 క్షిపణితోనే కథ మారుతుంది.

ఇంకో లోటు. అణు కేంద్రాల మీద దాడి చెయ్యకూడదన్న 1988 ఒప్పందం కింద 1992 నుంచి ఏటా జనవరి 1న రెండు దేశాలూ జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. సైన్యాలు ఎదురెదురుగా నిలబడ్డ 2002లోనూ ఇది ఆగలేదు. క్షిపణి పరీక్షలను ముందుగా చెప్పుకోవాలన్న 2005 ఒప్పందం మాత్రం బాలిస్టిక్ క్షిపణులకే, అంటే పైకి ఎగిసి వంపు దారిలో కిందికి పడే రకానికే. 2022 మార్చి 9న మన దగ్గర పొరపాటున ఎగిరి పాకిస్తాన్‌లోని మియాఁ చన్నూ దగ్గర పడ్డ బ్రహ్మోస్ విమానంలా ఎగిరే క్రూయిజ్ రకం, ఆ ఒప్పందం కిందికి రాదు. దీని మీద నీ వ్యాసంలో ఒక్క ముక్కా లేదు. చోటు చాలకపోతే హిరోషిమా పేరా తీసేసి ఇది పెట్టు.