నైట్, రౌతు, సాహిణి

సందేహం: ఇంగ్లండు వీరుడు విలియం మార్షల్ కథ చదువుతున్నాను. ‘నైట్’ను తెలుగులో యోధుడు అనాలా, రౌతు అనాలా? ‘మార్షల్’ ఆయన ఇంటిపేరా, ఉద్యోగమా?

సమాధానం: ‘యోధుడు’ వద్దండీ. కాలిబంటూ యోధుడే, విలుకాడూ యోధుడే. ఈమధ్య కత్తి పట్టిన ప్రతివాడికీ పత్రికలు ఆ ఒక్క మాటే తగిలిస్తున్నాయి. కాస్త నిఘంటువు తెరిస్తే ఏం పోతుంది? పోనీ ‘నైట్’ అనే రాద్దామంటే, మన లిపిలో అది నైట్ డ్యూటీలోని నైట్‌తో కలిసిపోతుంది.

రౌతు మంచి మాట. సంస్కృత ‘రాజపుత్ర’ ప్రాకృతంలో ‘రాఉత్త’ అయి, మన దగ్గరికి రాహుతుగా, రౌతుగా వచ్చింది. రాజుగారి కొడుకు చివరికి గుర్రమెక్కినవాడిగా మిగిలాడు. “రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది” అనే సామెతలో ఆ రాచరికం జాడే లేదు. ఇంగ్లీషు మాటది ఎదురు నడక. పాత ఇంగ్లీషులో నైట్ అంటే కుర్రాడు, పనివాడు. ఆ పనికుర్రాడే పోనుపోను దొర అయ్యాడు! ఫ్రెంచివాళ్ళ ‘షెవాలియే’, జర్మన్ల ‘రిట్టర్’ మాత్రం గుర్రపు స్వారీని వదల్లేదు. అందుకే నా మొగ్గు రౌతు వైపు. అయితే నైట్‌కు ఉండే హోదా అందులో పూర్తిగా పలకదు. మొదటిసారి ‘నైట్ అనే ఆశ్విక వీరుడు’ అని రాసి, తర్వాత రౌతు అంటే సరిపోతుందేమో.

మార్షల్ కూడా పైకెక్కిన మాటే. పాత జర్మన్‌లో ‘మరహ్’ అంటే గుర్రం, ‘స్కల్క్’ అంటే సేవకుడు. గుర్రపుశాల సేవకుడు రాజాస్థానంలో పెద్ద అధికారి అయ్యాడు. దీనికి దీటైన మాట మనకు ఉంది: సాహిణి, అంటే గుర్రపు దళం అధికారి. భాస్కర రామాయణాన్ని అంకితం పుచ్చుకున్న సాహిణి మారన పేరులో ఉన్నది అదే. ఇంత చక్కని మాటను మూలన పడేశాం, అదే నా బాధ. మార్షల్ ఆర్ట్స్‌లోని మార్షల్ వేరు. అది యుద్ధదేవత మార్స్ పేరు నుంచి వచ్చింది.

ఇక ఇంటిపేరు. మన కరణంలాగే ఇదీ ఉద్యోగం నుంచి ఇంటిపేరైంది. విలియం తండ్రి జాన్ రాజుగారి మార్షల్. 1152లో న్యూబరీ ముట్టడిలో స్టీఫెన్ రాజు, తాకట్టుగా తన దగ్గరున్న చిన్నారి విలియంను ఉరి తీస్తానంటే, ఇంకా మంచి కొడుకులను చేయడానికి సుత్తీ దాగలీ తన దగ్గరున్నాయని ఆ తండ్రి జవాబిచ్చాడట. రాజుకే మనసొప్పలేదు. ఆ పిల్లవాడే పెద్దయి, 1189లో ఇసబెల్ డి క్లేర్‌ను పెళ్ళాడి, 1216లో బాలుడైన మూడో హెన్రీ తరఫున రాజ్యం నడిపాడు. 1219లో పోయాడు. అయిదుగురు కొడుకులు, అయిదుగురు కూతుళ్ళు. కొడుకులు ఒకరి తర్వాత ఒకరు వారసులై, 1245 నాటికి అందరూ వారసులు లేకుండానే పోయారు. ఆస్తి కూతుళ్ళ వైపు పంపకమైంది. మార్షల్ పదవి పెద్దకూతురు మాడ్ ద్వారా ఆమె కొడుకు రోజర్‌కు దక్కింది. ఆయన ఉద్యోగం మార్షల్, ఇంటిపేరు బైగాడ్.