వీకెండ్ వస్తే గదిలోనేనా?

ప్రశ్న: అక్కా, నేను జర్మనీలో కెమ్నిట్జ్‌లో మాస్టర్స్ చేస్తున్నా. మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. వచ్చి ఆరు నెలలు దాటింది. ఫ్లాట్‌లో ఉన్నది ముగ్గురం, అందరం తెలుగువాళ్లమే. క్లాసులు, లైబ్రరీ, శనివారం గోడౌన్‌లో షిఫ్ట్, ఆదివారం వంట, ఫోను. క్లాసులో జర్మన్లు హలో అంటారు, అంతకు మించి మాట కదలదు. రూమ్మేట్స్ వచ్చే ఆదివారం ట్రిప్‌కి రమ్మంటున్నారు. లోన్ తీసుకుని వచ్చినవాడికి తిరుగుళ్లేంటి అని మనసు పీకుతోంది. వెళ్లాలా వద్దా? అసలు ఇక్కడివాళ్లతో స్నేహం ఎలా కుదురుతుంది?

జవాబు: తమ్ముడూ, వెళ్లు. కాకపోతే రూమ్మేట్స్‌తో మాత్రమే కాదు, క్లాసులోంచి ఇంకో ఇద్దర్ని పిలిచి మరీ వెళ్లు. నీ రెండు ప్రశ్నలకూ నా జవాబు ఇదే.

ఎందుకో చెప్తా. మన దగ్గర స్నేహం మాటల్లో పుడుతుంది. టీ బండి దగ్గర పది నిమిషాలు నిలబడితే ఊరు, ఇంటిపేరు, అన్నదమ్ముల చదువులు అన్నీ వచ్చేస్తాయి. ఇక్కడ అలా కాదు. క్లాసులో పక్కన కూర్చున్నవాడు నీ సొంత విషయాలు అడగడు. అడిగితే నీకు ఇబ్బందేమో అనుకుంటాడు. దాన్ని మనం గర్వం అనుకుంటాం. అదే మనిషితో కలిసి ఒక పని చేశావనుకో, కొండెక్కడమో, బ్యాడ్మింటన్ ఆడటమో, వంట చేయడమో, రెండు మూడుసార్లు అయ్యేసరికి మాట దానంతటదే వస్తుంది. ఒకసారి దగ్గరైతే ఏళ్ల తరబడి వదలరు కూడా. ఇల్లు మారేటప్పుడు పొద్దున్నే వచ్చి మంచం మోసినవాళ్లు నాకు ఇక్కడే దొరికారు.

పిలిచేటప్పుడు "ఎప్పుడైనా ఎటైనా వెళ్దాం" అంటే ఎవరూ రారు. తేదీ, టైము, స్టేషను, తిరిగొచ్చే టైము చెప్పాలి. అదీ వారం, పది రోజుల ముందే. "ఆదివారం పొద్దున ఎనిమిదికి మెయిన్ స్టేషన్‌లో కలుద్దాం, రాత్రి ఏడింటికల్లా వచ్చేస్తాం" అంటే క్యాలెండర్ తీసి చూస్తారు. కుదరకపోతే కుదరదని మొహం మీదే చెప్తారు. అందులో చిన్నబుచ్చుకోవడానికేం లేదు, ఇంకోసారి పిలువు. నాకైతే ఆ సూటిదనమే నచ్చుతుంది, మొహమాటానికి ఒప్పుకుని ఆఖరి నిమిషంలో ఎగ్గొట్టేవాళ్లు ఇక్కడ తక్కువ.

ఇక డబ్బు టెన్షన్. చాలా యూనివర్సిటీల్లో సెమిస్టర్ ఫీజులోనే దేశమంతా చెల్లే డి-టికెట్ కలిసి ఉంటుంది. 2023 మేలో 49 యూరోలతో మొదలైన ఆ టికెట్ 2026 జనవరి నుంచి నెలకు 63 అయింది. స్టూడెంట్లకు అందులో 60 శాతం ధరకే ఇస్తారు. అంటే నువ్వు కట్టేసిన డబ్బు అది. దానిమీద రీజనల్ రైళ్లు, ఎస్-బాన్ అనే లోకల్ రైళ్లు, ట్రామ్, సిటీ బస్సు అన్నీ ఎక్కొచ్చు. ఐసీఈ, ఐసీ లాంటి ఎక్స్‌ప్రెస్‌లు మాత్రం ఎక్కకూడదు, దొరికితే ఫైన్ కనీసం 60 యూరోలు. డి-టికెట్ లేని ఫ్రెండ్స్ ఉంటే రాష్ట్రాల డే టికెట్లు ఉన్నాయి. మీ వైపు సాక్సెన్ టికెట్ ఒకటి తీసుకుంటే ఐదుగురి దాకా వెళ్లొచ్చు. శని ఆదివారాల్లో రోజంతా చెల్లుతుంది, మామూలు రోజుల్లో పొద్దున తొమ్మిది తర్వాతే. ఇంట్లోంచి పులిహోర కట్టుకెళ్తే ఆ రోజుకి పది, పదిహేను యూరోలు దాటవు. నెలకొక్క ఆదివారం ఇలా గడిపితే లోన్ తీరడం ఆగదు. షిఫ్టుల విషయంలోనూ ఒక హద్దు ఉందని గుర్తుంచుకో. సెమిస్టర్ చదువుతున్న మనలాంటి విదేశీ విద్యార్థులకు ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు మాత్రమే పని చేసే వీలుంది. ప్రతి వీకెండూ పనికి అమ్ముకుంటే ఒళ్లు హూనమవుతుంది.

ఎక్కడికి అంటావా? రెండు రోజుల్లో ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్ అంటూ రాత్రిళ్లు బస్సుల్లో నిద్ర చెడగొట్టుకునే ట్రిప్పులు నేను చెప్పను. ఫోటోలు మిగులుతాయి, మనుషులు మిగలరు. అలసిపోయి ఒకళ్ల మీద ఒకళ్లు చిరాకు పడటమే ఎక్కువ. మొదటి ట్రిప్ ఒక్క రోజు, ఒక్క చోటు. మీకు పక్కనే సాక్సన్ స్విట్జర్లాండ్ ఉంది. పేరు చూసి స్విట్జర్లాండ్ అనుకునేవు, అది డ్రెస్డెన్ అవతల ఎల్బే నది ఒడ్డున ఉన్న ఇసుకరాతి కొండల ప్రాంతం. అందులో కొంత భాగాన్ని 1990లో నేషనల్ పార్క్ చేశారు.

కెమ్నిట్జ్ నుంచి డ్రెస్డెన్‌కి రీజనల్ రైల్లో గంట పైచిలుకు. అక్కడ ఎస్1 అనే ఎస్-బాన్ ఎక్కు. కాసేపటికి ఊళ్లు అయిపోయి నది పక్కకు వస్తుంది. అటువైపు నిలువుగా లేచిన రాళ్లు కనపడతాయి. కూరోర్ట్ రాతెన్ అనే చిన్న స్టేషన్లో దిగితే నీకూ కొండకూ మధ్య ఎల్బే. దాటడానికి ఒక ఫెర్రీ ఉంటుంది. దాన్ని కాసేపు నిలబడి చూడు, చూడాల్సిన వస్తువు. ఇంజిన్ చప్పుడు ఉండదు. ఎగువన నదిలో లంగరు వేసిన పొడవాటి ఇనుప తాడుకు దాన్ని కట్టేసి ఉంచుతారు. నడిపేవాడు పడవను ప్రవాహానికి కాస్త ఏటవాలుగా తిప్పుతాడు, నీళ్లే దాన్ని ఒడ్డు నుంచి ఒడ్డుకు తోసుకెళ్తాయి. గోదావరి మీద పంటు దాటినట్టే, కాకపోతే మోత లేకుండా. టికెట్‌కి చేతిలో చిల్లర ఉంచుకో, మీ వైపు ఇలాంటి చిన్న చోట్ల కార్డు తీసుకోనివాళ్లు ఇంకా ఉన్నారు.

ఒడ్డు దిగాక మెట్ల దారిన అరగంట, ముప్పావుగంట ఎక్కితే బాస్టై వంతెన. 1851లో రాతితో కట్టారు, ఏడు కమాన్లు. ఎల్బేకి 194 మీటర్ల ఎత్తున నిలబడి కిందికి చూస్తే ఇందాక ఎక్కిన ఫెర్రీ అగ్గిపెట్టంత కనిపిస్తుంది. వంతెన మీద నడవడానికి టికెట్ లేదు. వీలైనంత త్వరగా చేరుకో, పొద్దెక్కేకొద్దీ బస్సుల జనం దిగుతారు. తిరిగి వచ్చేటప్పుడు వచ్చిన దారిన కాకుండా ష్వేడెన్‌లోహర్ అనే ఇరుకు లోయలోంచి దిగండి. రాళ్ల మధ్య మనిషి పట్టేంత సందులు, వందల మెట్లు. కింద ఆమ్జెల్‌జే అనే చిన్న చెరువు, ఎండ ఉన్న నెలల్లో తెడ్ల పడవలు అద్దెకిస్తారు. మాటలు అక్కడే సాగుతాయి, పైన వంతెన మీద అందరూ ఫోన్లు పట్టుకునే ఉంటారు. ఓపిక మిగిలితే తిరుగు దారిలో డ్రెస్డెన్‌లో ఒక గంట దిగండి. 1945 బాంబుదాడిలో కూలిపోయి 2005లో మళ్లీ తెరిచిన ఫ్రావెన్‌కిర్షే చర్చి, దాని దగ్గర్లోనే వంద మీటర్లు దాటిన పింగాణీ పలకల గోడబొమ్మ ఉన్నాయి. గోడబొమ్మ వీధిలోనే ఉంది, పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు గట్టిగా చెప్పాల్సిన మాట. గుంపులో తెలుగు రాని మనిషి ఒక్కడున్నా సరే, ఆ రోజు తెలుగు పక్కన పెట్టండి. ముగ్గురు తెలుగువాళ్లు, ఇద్దరు వేరేవాళ్లు ఉన్న గుంపుల్లో ఏం జరుగుతుందో నేను చాలాసార్లు చూశా. రైలెక్కిన పది నిమిషాలకు మనవాళ్లు సినిమాల్లోకి దిగుతారు, ఆ ఇద్దరూ కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. మర్యాదగా నవ్వుతారు, తర్వాతిసారి రారు. జర్మన్ ముక్కలు ముక్కలుగా వచ్చినా మాట్లాడు, తప్పులు దిద్దమని అడుగు. దిద్దడం వాళ్లకి భలే ఇష్టం. తిండి దగ్గర మొహమాటం వద్దు. పులిహోర డబ్బా తెరిచి అందరికీ పెట్టు. కరివేపాకు తినాలా, తీసెయ్యాలా అని అడుగుతారు, వేరుశనక్కాయలు ఏరుకుంటారు, ఎలా చేశావంటారు. అక్కణ్నుంచి "మా ఇంటికొస్తే చేసి పెడతా" అనేదాకా ఎంతో దూరం లేదు. అన్నావంటే మాత్రం తేదీ వేసి పిలువు, ఇక్కడ మాటని మాటగానే తీసుకుంటారు.

పిలుపులు నీకూ వస్తాయి. చెప్పిన టైముకి వెళ్లు. మందు తాగనివాడివైతే ఆపిల్ షోర్లే తెచ్చుకో, ఆపిల్ రసంలో సోడా. ఎవరూ బలవంతం చేయరు. మాంసం తినకపోతే ముందే చెప్పు, శాకాహారులు ఇక్కడ కొత్త కాదు. పుట్టినరోజు శుభాకాంక్షలు ఒక్కరోజు ముందు కూడా చెప్పకు, అశుభం అనుకుంటారు. నీ పుట్టినరోజుకి కేకు నువ్వే తీసుకెళ్లాలి, అది ఇక్కడి పద్ధతి.

ట్రిప్ నెలకోసారే కాబట్టి వారం వారం కలిసే చోటు ఒకటి పట్టుకో. యూనివర్సిటీ స్పోర్ట్స్ కోర్సులు సెమిస్టర్‌కి కాస్తంత ఫీజుతో దొరుకుతాయి. బ్యాడ్మింటన్, వాలీబాల్ లాంటివి రిజిస్ట్రేషన్ తెరిచిన కాసేపట్లోనే నిండిపోతాయి, తేదీ ముందే చూసుకుని అలారం పెట్టుకో. నాకు తెలిసి మన పిల్లలకు జర్మన్ స్నేహితులు ఎక్కువగా దొరికింది అక్కడే. అలాగని ఉగాదికీ బతుకమ్మకీ తెలుగు సంఘాలు పిలిస్తే మానకు. పండగ పూట మన భాష చెవిన పడాలి. గది, ఉద్యోగం లాంటి కష్టం వచ్చినప్పుడు ముందు చేయి అందించేదీ వాళ్లే. నవంబర్, డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నరకల్లా చీకటి పడుతుంది, ఆ నెలల్లో మనసు మరీ దిగులుగా ఉంటే స్టూడెంటెన్‌వెర్క్, అంటే విద్యార్థుల బాగోగులు చూసే సంస్థ, అక్కడి కౌన్సెలర్ దగ్గరికి వెళ్లు. ఇంగ్లిష్‌లో మాట్లాడేవాళ్లున్నారా అని అడుగు. నామోషీ ఏం కాదు.

జాగ్రత్తలు. చెరువుల్లో, జలపాతాల దగ్గర మన పిల్లలు మునిగిపోయారన్న వార్త చదివినప్పుడల్లా నాకు రాత్రి నిద్ర పట్టదు. ఎల్బే పైకి నెమ్మదిగా కనిపిస్తుంది, లోపల లాగేస్తుంది. ఈత వచ్చినా దిగకు. కొండ అంచున కంచె దాటి ఫోటో వద్దు. చలికాలంలో ఆ మెట్ల మీద మంచు గడ్డకడుతుంది, పట్టున్న బూట్లు లేకపోతే వసంతం దాకా ఆగు. ఆపద వస్తే 112. ఇండియా లైసెన్స్ ఉంది కదా అని కారు అద్దెకి తీసుకునేముందు లెక్క చూసుకో. ఇక్కడ నివాసం మొదలైన ఆరు నెలల తర్వాత అది చెల్లదు. ఆపైన నడిపితే లైసెన్స్ లేకుండా నడిపిన నేరమే అవుతుంది, నీకు ఆ గడువు దాటిపోయింది. రాతెన్ నుంచి చెక్ సరిహద్దు దగ్గరే, అటు వెళ్లే ఆలోచన ఉంటే పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు ఒరిజినల్స్ జేబులో ఉండాలి, టికెట్ ఎక్కడిదాకా చెల్లుతుందో చూసుకోవాలి. ఆదివారం షాపులు మూసేస్తారు, నీళ్లూ తిండీ శనివారమే సర్దుకో. వీకెండ్లలో పట్టాల పనులని రైళ్లు రద్దు చేసి బస్సులు వేస్తుంటారు, అందుకే బయల్దేరేముందు యాప్‌లో మళ్లీ ఒకసారి చూడు. ఆఖరి రైలు మీద ఆశ పెట్టుకోకు, దానికి ముందుదే నీ రైలు అనుకో.

తిరుగు ప్రయాణంలో అందరూ అలసిపోయి ఉంటారు, కానీ రైల్లో ఎదురెదురుగా కూర్చుని ఉంటారు. తర్వాతి నెల ఏ ఆదివారం ఎవరికి ఖాళీయో, ఎక్కడికి వెళ్లాలో అక్కడే అడుగు. ఈసారి చోటు వాళ్లనే చెప్పమను. దిగేలోపు తేదీ అందరి ఫోన్లలో పడాలి, సోమవారం దాకా ఆగితే ఎవరి క్లాసుల్లో వాళ్లు పడిపోతారు.