అడ్రినలిన్ ఆంప్యూల్ చేతిలో ఉన్నప్పుడు

ప్రశ్న: డాక్టరు గారూ, నేను అంబులెన్స్‌లో పారామెడిక్‌గా చేరి ఆరు నెలలైంది. ఇటీవల కందిరీగ కుట్టి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక విలవిలలాడుతున్న వ్యక్తికి అడ్రినలిన్ ఇవ్వవలసి వచ్చింది. కండకు ఇవ్వాలో, నరానికి ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో తోచక నా చేయి ఒక్క క్షణం ఆగిపోయింది. తోటి ఉద్యోగి గుర్తు చేయబట్టి పొరపాటు జరగలేదు. ఇకపై తడబడకుండా ఉండాలంటే ఏం చేయాలి?
– ఒక పారామెడిక్

జవాబు: సందేహం వచ్చినప్పుడు మీ చేయి ఆగినందుకు నాకు సంతోషంగా ఉంది. అడ్రినలిన్‌తో ప్రాణాపాయం కలిగించే పొరపాట్లలో ముఖ్యమైనది, గుండె ఆగిపోయినవారికి ఇచ్చే మోతాదును గుండె కొట్టుకుంటున్న మనిషి నరంలోకి ఎక్కించడం. దానివల్ల రక్తపోటు ఒక్కసారిగా పెరిగి, గుండె లయ తప్పి, మెదడులో రక్తస్రావం కూడా కావచ్చు.

తీవ్రమైన అలర్జీలో పెద్దవారికి ఇవ్వవలసింది 0.5 మిల్లీగ్రాములు; తొడ మధ్యభాగంలో, బయటి వైపున, కండలోకి ఇవ్వాలి. పిల్లలకు కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము చొప్పున లెక్క కట్టాలి. అయిదు నిమిషాల్లో కుదుటపడకపోతే మళ్లీ ఇవ్వవచ్చు. గుండె ఆగినప్పుడు మాత్రం 1 మిల్లీగ్రామును నరంలోకి, మూడు నుంచి అయిదు నిమిషాలకు ఒకసారి ఇస్తాము.

గందరగోళాన్ని పెంచేవి ఆంప్యూల్ (మందు ఉండే చిన్న గాజు బుడ్డి) మీది నిష్పత్తులు. 1:1000 అంటే ఒక మిల్లీలీటరులో 1 మిల్లీగ్రాము, 1:10,000 అంటే ఒక మిల్లీలీటరులో 0.1 మిల్లీగ్రాము మందు ఉన్నట్టు. చూపుకు పెద్దదిగా కనిపించే అంకె పలుచని మందుది. ఈ ఇబ్బంది వల్లనే అమెరికాలో 2016 నుంచి అడ్రినలిన్ లేబుళ్ల మీద నిష్పత్తులను తీసివేసి, మిల్లీగ్రాముల లెక్కనే ముద్రిస్తున్నారు. మీరు కూడా నోటితో ఎప్పుడూ మిల్లీగ్రాములే చెప్పండి.

పెద్దవారి అలర్జీ కేసులో, మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఉన్న మందు నుంచి 1 మిల్లీలీటరు సిరంజిలోకి అవసరమైన 0.5 మిల్లీలీటరు మాత్రమే తీసుకోండి. ఆంప్యూల్ మొత్తం లాగి సగం ఇద్దామనుకుంటే, హడావిడిలో ఆ సగం ఎక్కడ ఆగుతుందో చెప్పలేము. తోటివారిని “ఇది అడ్రినలినే కదా?” అని అడగవద్దు, అలసిపోయిన మనిషి చూడకుండానే అవునంటారు. ఆంప్యూల్ వారి చేతికిచ్చి మందు పేరు, గాఢత, గడువు తేదీ పైకి చదవమనండి. ఎంత, ఎక్కడ ఇస్తున్నారో మీరు పైకి చెప్పండి. దీనికి పది సెకన్లు చాలు. అయితే లక్షణాలు స్పష్టంగా ఉన్నప్పుడు భయంతో ఆలస్యం చేయడమూ ప్రాణాంతకమే. అలర్జీ మాత్రలు, స్టెరాయిడ్లు అడ్రినలిన్‌కు ప్రత్యామ్నాయాలు కావు. ఇంజెక్షన్ తరువాత రోగిని హఠాత్తుగా లేపి నిలబెట్టకండి.

ప్రశ్న: ఛాతీనొప్పి అన్న ప్రతివారికీ నాలుక కింద నైట్రోగ్లిజరిన్ పెట్టవచ్చా?
– మరొక పాఠకురాలు

జవాబు: పెట్టకూడదు. ముందు రక్తపోటు చూడండి. పై అంకె 90 కంటే తక్కువగా ఉంటే ఈ మందు జోలికి పోవద్దు. గుండె కుడి జఠరికకు (కుడివైపు కింది గదికి) దెబ్బతగిలిన గుండెపోటులోనూ ఇది రక్తపోటును ప్రమాదకరంగా పడగొడుతుంది. గత 24 గంటల్లో సిల్డెనాఫిల్, లేదా 48 గంటల్లో టడలాఫిల్ వేసుకున్నారేమో తప్పక అడగాలి; వాటితో కలిసినా రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. లైంగిక సమస్యకు వాడే ఈ మందుల గురించి భార్యాబిడ్డల ముందు చెప్పడానికి చాలామంది సిగ్గుపడతారు కనుక, అంబులెన్స్ తలుపు మూసిన తరువాత, ఎందుకు అడుగుతున్నారో చెప్పి నెమ్మదిగా అడగండి. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగిన స్త్రీలు కూడా ఇవే మందులు వాడుతుంటారు, కాబట్టి ఈ ప్రశ్న పురుషులకే పరిమితం కాదు. మాత్ర పెట్టేటప్పుడు రోగి కూర్చునో, పడుకునో ఉండాలి. రెండో మాత్రకు ముందు రక్తపోటు మళ్లీ చూసి, ఇచ్చిన సమయంతో సహా రాసి ఆసుపత్రివారికి అందజేయండి.