ఎమ్మెస్సీ ఆర్గానిక్ చదివి "రిఫరెన్సులు వెతికే" ఉద్యోగం చెయ్యొచ్చా?

ప్రశ్న: సార్, నేను ఖమ్మంలో ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ ఫైనలియర్. ల్యాబ్‌లో సాల్వెంట్ల వాసనకి తలనొప్పి వస్తోంది, కానీ ప్రాజెక్టు కోసం రిఫరెన్సులు వెతకడం మాత్రం భలే నచ్చింది. మా లైబ్రరీలో సైఫైండర్ (కెమిస్ట్రీ పేపర్లు, రియాక్షన్లు వెతికే డేటాబేస్) లేదు, ఉన్నవి పాత పుస్తకాలే. నాన్న బీఎడ్ చెయ్యమంటున్నారు. నేను లైబ్రరీ సైన్స్ చెయ్యాలా, లేక ఈ వెతికే పనికే ఉద్యోగాలుంటాయా?

జవాబు: ఉంటాయమ్మా, అదీ హైదరాబాద్‌లోనే. ఫార్మా కంపెనీల ఆర్ అండ్ డీలో ఐపీ (పేటెంట్ల వ్యవహారాలు చూసే) టీమ్ అని ఉంటుంది, ఒక మందుని ఎవరెవరు ఏ రూట్‌లో, అంటే ఏ రియాక్షన్ల వరుసలో చేశారు, ఏ పేటెంటు ఎప్పటిదాకా ఉంది, మనం ఎటునుంచి వెళ్తే గొడవ ఉండదు అని తవ్వి తీసేది వాళ్లే. 1970 చట్టంలో మందు మీద కాకుండా తయారుచేసే పద్ధతి మీదే పేటెంటు ఇచ్చేవాళ్లు, మన బల్క్ డ్రగ్ (మందులోని అసలు పదార్థం చేసే) కంపెనీలు వేరే రూట్‌లు వెతుక్కుని ఎదిగింది అలాగే. 2005 నుంచి మందు మీదే పేటెంటు ఇస్తున్నారు కాబట్టి ఇప్పుడు రూట్ ఒక్కటి చూస్తే సరిపోదు, సాల్ట్, క్రిస్టల్ ఫామ్ అన్నీ చూడాలి, అంటే వెతికేవాళ్లకి పని పెరిగిందే గానీ తగ్గలేదు. ఇంకోటి క్యూరేషన్, అంటే జర్నళ్లు, పేటెంట్లు చదివి మాలిక్యూల్ వివరాలు డేటాబేస్‌లోకి ఎక్కించే పని. ఎక్సెల్రా వాళ్ల గోస్టార్ డేటాబేస్ మన హైదరాబాద్‌దే.

సైఫైండర్ లేదని బెంగ పెట్టుకోకు. దాని సబ్‌స్క్రిప్షన్ ఖరీదు మామూలు కాలేజీలు మోసేది కాదు, అలాంటిదే ఇంకో డేటాబేస్ రియాక్సిస్ కూడా అంతే (1881లో మొదలైన బైల్‌స్టైన్ అనే ఆర్గానిక్ కాంపౌండ్ల జర్మన్ పుస్తకాల డేటా ఇప్పుడు ఉండేది ఈ రియాక్సిస్‌లోనే). ఉద్యోగంలో చేరాక ఆ బటన్లు కొన్నాళ్లలో వచ్చేస్తాయి. రానిది ఏంటంటే, దొరికినదాన్ని నమ్మాలా వద్దా అని తేల్చుకోవడం, అది ఇప్పుడే నేర్చుకోవాలి.

అందుకు నేనైతే ముందు ఆర్గానిక్ సింథసెస్ అనే ల్యాబ్ ప్రొసీజర్ల ప్రచురణ చదవమంటాను. 1921 నుంచి వస్తోంది, నెట్‌లో పూర్తిగా ఫ్రీ. అందులో ఏ ప్రొసీజర్ అయినా ఎడిటర్ల బోర్డులో ఒకరి ల్యాబ్‌లో మళ్లీ చేసి చూశాకే అచ్చవుతుంది, చెక్ చేసినవాళ్ల పేర్లు కూడా వేస్తారు. చాలామంది పైన స్కీమ్ (రియాక్షన్ బొమ్మ), ఈల్డ్ (ఎంత శాతం సరుకు వచ్చిందో) చూసి మూసేస్తారు, అసలు సరుకంతా కింద నోట్స్‌లో ఉంటుంది, ఏ రీఏజెంట్‌ని ఎలా ప్యూరిఫై చేశారు, రంగు ఎప్పుడు మారుతుంది, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి అన్నీ. ఒక పదిహేను ప్రొసీజర్లు నోట్స్‌తో సహా చదివావంటే, వేరే పేపర్‌లో రెండు లైన్లు రాసి 95 శాతం ఈల్డ్ అంటే నీకే డౌట్ వస్తుంది.

తర్వాత క్యాస్ నంబర్, అంటే ఒక్కో కాంపౌండ్‌కి ఇచ్చే గుర్తింపు నంబర్, అలవాటు చేసుకో, పేరుతో వెతికితే సగం తప్పిపోతాయి ఎందుకంటే ఒక్కో కాంపౌండ్‌కి బోలెడు పేర్లు. దీంట్లో ఓ సరదా ఉంది, చివరి అంకె చెక్ డిజిట్. ఆస్పిరిన్ 50-78-2 తీసుకో, చివరి 2 వదిలేసి కుడినుంచి ఎడమకి 8ని 1తో, 7ని 2తో, 0ని 3తో, 5ని 4తో గుణించి కలిపితే 42, దాని చివరి అంకె 2, సరిపోయింది కదా. టైపింగ్ తప్పులు చాలావరకు ఇక్కడే దొరికిపోతాయి. ఆ నంబర్ పట్టుకుని కాంపౌండ్ల డేటాబేస్ పబ్‌కెమ్‌కి వెళ్లు, పేటెంట్లకి గూగుల్ పేటెంట్స్, ఎస్పాసెనెట్, స్పెక్ట్రాకి జపాన్ వాళ్ల ఎస్‌డీబీఎస్, మనవాళ్ల పీహెచ్‌డీ థీసిస్‌లకి శోధ్‌గంగ, అన్నీ ఫ్రీ. జర్నళ్ల సంగతి మీ లైబ్రేరియన్‌ని అడుగు, 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద 30 పబ్లిషర్ల దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ సంస్థలకి ఇస్తున్నారు. మీది ప్రైవేట్ కాలేజీ అయితే యూనివర్సిటీలో చదివే ఫ్రెండ్‌ని పట్టుకోవాల్సిందే.

లైబ్రరీ సైన్స్ ఇప్పుడే వద్దు. బీలిస్క్, ఎమ్మెలిస్క్ (లైబ్రరీ సైన్స్ డిగ్రీ, పీజీ), యూజీసీ నెట్ పరీక్ష అన్నీ అయ్యాక కూడా పర్మనెంట్ పోస్టు కోసం నోటిఫికేషన్ ఎదురుచూడాలి. నిజంగా ఆ ఇష్టమే గట్టిగా ఉంటే బెంగళూరు ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్)లో డీఆర్‌టీసీ అనే విభాగం వాళ్ల రెండేళ్ల లైబ్రరీ సైన్స్ కోర్సు చూడు. పేటెంట్ ఏజెంట్ (వేరేవాళ్ల తరఫున పేటెంటు దరఖాస్తులు వేసేవాళ్లు) ఎగ్జామ్ కూడా మనసులో పెట్టుకో, సైన్స్ డిగ్రీ, 21 ఏళ్లు ఉంటే రాయొచ్చు, కాకపోతే ఏటా తప్పకుండా పెడతారని నమ్ముకోకు. బీఎడ్ ఎక్కడికీ పోదు, రెండేళ్ల తర్వాతైనా చెయ్యొచ్చని నాన్నగారికి నెమ్మదిగా చెప్పు.

తలనొప్పికి ముందు ల్యాబ్‌లో ఆవిర్లు బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ పనిచేస్తోందో లేదో చూడు, డాక్టర్‌కి కూడా చూపించుకో. ప్రాజెక్టు మాత్రం బెంచ్ మీద పూర్తి చెయ్యి, చేత్తో ఒక్క రియాక్షన్ అయినా వర్కప్ చేసినవాళ్లకే (అంటే అయిపోయాక సరుకుని విడదీసి తీసినవాళ్లకే) ఎక్స్‌పెరిమెంటల్ సెక్షన్‌లో ఏది కుదరదో తెలుస్తుంది.

ఈ సెలవుల్లో వెతికే ప్రాక్టీసుకి ఐబుప్రొఫెన్ అనే నొప్పి మందు తయారీని ఎంచుకో. బూట్స్ కంపెనీ పాత రూట్ ఆరు స్టెప్పులు, తర్వాత వచ్చిన బీహెచ్‌సీ కంపెనీ రూట్ మూడే, దానికి 1997లో అమెరికాలో గ్రీన్ కెమిస్ట్రీ అవార్డు కూడా వచ్చింది. రెండింటి పేటెంట్లు నువ్వే వెతికి, స్టెప్పులు, రీఏజెంట్లు, వేస్ట్ ఏం వస్తుందో రెండు పేజీల్లో టేబుల్ వేసి రెజ్యూమెతో పాటు పంపు. ఇంటర్వ్యూలో దాని మీదే గుచ్చి గుచ్చి అడుగుతారు, కాబట్టి చాట్‌జీపీటీ చేత రాయించకు.